లక్షలు వస్తాయన్న బిళ్ళని చిల్లర కింద ఇచ్చేశాను

ఏలూరు దగ్గర పల్లెలో భర్తతో కలిసి కిరాణా కొట్టు నడుపుతున్న 34 ఏళ్ల ఆవిడ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. ఆనవాళ్ళు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆర్నెల్ల కిందట ఆవిడ భర్త ఫోన్లో ఒక వీడియో చూశారు. జేబులో ఉండే మామూలు నాణెం మీద టంకశాలలో జరిగిన తప్పు ఏదైనా ఉంటే దానికి లక్షలిచ్చి కొనుక్కుంటారని అందులో చెప్పారట. ఆ రోజు నుంచి రాత్రి కొట్టు కట్టేశాక గల్లా పెట్టె బోర్లించి, టార్చి వేసుకుని, ఒక్కో బిళ్ళా తిప్పి చూడటం మొదలుపెట్టారు. అనుమానం వచ్చినవన్నీ హార్లిక్స్ సీసాలోకి పోతాయి. ఒక సీసా నిండింది, రెండోది సగానికొచ్చింది. కొట్లో మాత్రం చిల్లర లేదు. రూపాయి, రెండు రూపాయలకి చాక్లెట్ చేతిలో పెడుతుంటే జనం పక్క కొట్టుకి పోతున్నారు. "రాత్రిళ్ళు చింతపండు పెట్టి తోముతున్నారండీ. మా అత్తగారి ఇత్తడి బిందె కూడా అంత మెరవదు" అని రాశారు.

సీసాలో నాలుగు బిళ్ళలు ఆయనకి ప్రాణం. ఒక 5 రూపాయల పసుపు బిళ్ళ: సింహాల బొమ్మ నిటారుగా పట్టుకుని, కింది అంచు పైకి వచ్చేలా తిరగేస్తే వెనకాల 5 తలకిందులుగా కనిపిస్తుంది. ఒక రూపాయి బిళ్ళ: దాని మీద వేసిన సంవత్సరం అంకెల కింద ఏ గుర్తూ లేదు. ఒక 2 రూపాయల బిళ్ళ: సింహాల మీద అడ్డంగా, తిరగబడిన అక్షరాలు లోపలికి దిగి ఉన్నాయి. ఒక 10 రూపాయల బిళ్ళ: మధ్యలో ఉండాల్సిన తెల్ల ముక్క ఒక పక్కకి జరిగి పసుపు మీదికి పాకింది.

వీటిలో 5 రూపాయల దానికి ఫోన్లో ఒకడు నాలుగున్నర లక్షలు ఇస్తానన్నాడు. రిజిస్ట్రేషన్ అని 1,100 కట్టించుకున్నాడు. తర్వాత రిజర్వ్ బ్యాంకు ముద్ర ఉన్న కాగితం వాట్సాప్‌లో పంపి, పన్ను కింద ఇంకో 8,500 కట్టమంటున్నాడు. కొట్టు మీద లక్షా ఇరవై వేలు అప్పుంది. ఆయన ఈ నెల చీటీ వాయిదా ఆపి ఆ డబ్బు పంపుదామంటున్నారు.

అసలు సంగతి నాలుగో పేజీలో ఉంది. పోయిన ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ల రద్దీలో, గల్లా పక్కన గిన్నెలో విడిగా పెట్టుకున్న ఆ 5 రూపాయల బిళ్ళని ఈవిడ ఎవరో పిల్లాడికి చిల్లర కింద ఇచ్చేశారు. ఆయన నాలుగు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నారు. "నేనే ఇచ్చానని చెప్పలేదు. ఆయనతో పాటు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికినట్టు నటించాను. అది నిజంగా అంత విలువైందా? ఆయనకి ఎలా చెప్పాలి? ఈ సీసాలు ఏం చేయాలి?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరానికి చివరి పేజీ నుంచి జవాబు చెబుతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా.

మీరు ఇచ్చేసింది మామూలు 5 రూపాయల బిళ్ళే అని నా నమ్మకం. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది. మీ ఆయన దాన్ని ఎలా తిప్పారో మీరే రాశారు. కింది అంచు పైకి వచ్చేలా, అంటే పెనం మీద అట్టు తిరగేసినట్టు తిప్పారు. అలా తిప్పితే మన దేశపు నాణేల్లో సరిగ్గా ఉన్న ప్రతిదీ వెనక తలకిందులుగానే కనిపిస్తుంది. మన నాణేల్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పి చూడాలి. అప్పుడు రెండు వైపులా బొమ్మ నిటారుగా ఉంటుంది. అమెరికా నాణేలు దీనికి సరిగ్గా ఉల్టా. వాటిని అట్టు తిప్పినట్టు తిప్పితేనే నిటారుగా ఉంటాయి. అక్కడి వీడియోలు చూసి ఇక్కడివాళ్ళు అవే మాటలు తెలుగులో చెప్పేస్తే, గల్లాలో ఉన్న ప్రతి బిళ్ళా లక్షల బిళ్ళ అయిపోతుంది.

నిజంగా తిరిగిపోయిన బిళ్ళలు లేకపోలేదు. యంత్రంలో రెండు అచ్చులుంటాయి, ఒకటి సింహాలకి, ఒకటి అంకెకి. ఒక అచ్చు బిగింపు వదులై పక్కకి తిరిగితే, ఆ తర్వాత దిగే బిళ్ళలన్నిటి మీదా వెనక బొమ్మ వంకరగా పడుతుంది. పేజీలా తిప్పినా వంకరగా ఉంటేనే అది లెక్క. గడియారంలో రెండు మూడు నిమిషాలంత వంపుని సేకరించేవాళ్ళు పట్టించుకోరు. పావు చుట్టు, అర చుట్టు తిరిగినవాటినే అడుగుతారు.

మీ గల్లాలోంచి ఏవైనా పది 5 రూపాయల బిళ్ళలు తీసి మీ ఆయన తిప్పినట్టే తిప్పండి. పదీ తలకిందులైతే, ఆ పిల్లాడి చేతిలోకి పోయింది 5 రూపాయలే. పోయినదాన్ని చూడకుండా నూటికి నూరు పాళ్ళు చెప్పలేను కానీ, ఆయన దాన్ని ప్రత్యేకం అనుకోవడానికి కారణం ఆ ఒక్కటే అయితే, ఆ కారణం నిలవదు.

ఇక ఆయనకి చెప్పడం. మీ ముందు మూడు దారులున్నాయి. మూడోది మీరు రాయలేదు గానీ, మీ మనసులోకి ఈపాటికి వచ్చే ఉంటుంది.

ఒకటి, ముందు పది బిళ్ళల పరీక్ష చేయించి, ఆయన ఆశ కాస్త దిగాక "అది నేనే ఇచ్చేశానండీ" అనడం. గొడవ చిన్నదవుతుంది. కానీ తర్వాతెప్పుడో ఆయన లెక్క వేసుకుంటారు, నన్ను మెత్తబరచి చెప్పిందని. కొందరు మగవాళ్ళు దీన్ని నవ్వి వదిలేస్తారు, కొందరు ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటారు. మీ ఆయన ఏ రకమో మీకే తెలుసు.

రెండోది, ముందే చెప్పేసి ఆ తర్వాత పరీక్ష. ఆ రాత్రి కోపం తప్పదు, ఒక పూట అన్నం మానేస్తారేమో కూడా. కానీ బియ్యం డబ్బాలో వెతికిన సంగతి కూడా మీ నోటి నుంచే వస్తుంది. నన్నడిగితే నేను ఇటే మొగ్గుతాను. నాలుగు రోజుల అబద్ధం నాలుగు వారాలైతే బిళ్ళ సంగతి పక్కకి పోయి అబద్ధమే పెద్దదవుతుంది.

మూడోది, అదే సంవత్సరం ఉన్న ఇంకో 5 రూపాయల బిళ్ళ తెచ్చి గిన్నె కిందకి తోసి "ఇదిగో దొరికింది" అనడం. గొడవే ఉండదు. కానీ దొరికిన మరుక్షణం ఆయన ఆ 8,500 పంపేస్తారు. అందుకే ఆ పని మాత్రం చేయొద్దంటాను.

ఆ ఫోన్ చేసేవాడి సంగతి చూద్దాం. బిళ్ళని చేత్తో పట్టుకుని చూడకుండా, తూచకుండా, ఫొటో చూసి నాలుగున్నర లక్షలు అనేవాడు ఎవరూ కొనేవాడు కాదు. నిజంగా కొనేవాళ్ళు మన చేతిలో డబ్బు పెడతారు, మన దగ్గర తీసుకోరు. పాత నాణేలు, నోట్ల పేరుతో, తమ ముద్ర వాడుకుంటూ ఇలా ఫీజులు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. అలాంటి వ్యవహారాల్లో తాము లేమని, ఎవరి దగ్గరా ఏ ఫీజూ కమీషనూ అడగమని, అడిగే అధికారం ఎవరికీ ఇవ్వలేదని అందులో చెప్పారు. మీ ఆయనకి నా మాట మీద, మీ మాట మీద నమ్మకం లేకపోతే వాణ్ణే అడగమనండి: "నాలుగున్నర లక్షల్లోంచి మీ 8,500 కోసుకుని మిగతాది పంపండి." వాడు కుదరదంటాడు, దానికి ఏదో ఒక రూలు చెబుతాడు. ఇంకో మాట. బిళ్ళ పోయిందని వాడికి చెప్పి చూడండి. వాడు పెద్దగా బాధపడడు. ఇంకో బిళ్ళ ఫొటో పంపమంటాడు. వాడికి కావలసింది ఆ ఫీజు.

సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేసి ఆ 1,100 గురించి ఫిర్యాదు రాయించండి. తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి, కానీ వాడి నంబరు, ఖాతా రికార్డులోకి ఎక్కుతాయి. మీ ఆయన ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఫొటోలు కూడా పంపి ఉంటే బ్యాంకుకి వెళ్ళి ఆ మాట చెప్పి రండి. ఇది ఆలస్యం చేయకండి.

ఇప్పుడు మిగతా బిళ్ళలు. నేను ముప్పై ఏళ్లుగా ఇలాంటివి పోగేస్తున్నవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి.

నాణెం ఎలా తయారవుతుందో తెలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. లోహపు రేకులోంచి గుండ్రంగా ఉత్త బిళ్ళలు కొడతారు, గారెల పిండిని మూతతో కోసినట్టు. వాటిని కాల్చి మెత్తబరిచి, అంచు లేపి, కడిగి ఆరబెడతారు. తర్వాత ఒక్కో బిళ్ళ ఒక ఉక్కు కట్టులో కూర్చుంటుంది. పైనుంచి ఒక అచ్చు, కింద ఇంకో అచ్చు, ఒక్క దెబ్బ. రెండు వైపులా బొమ్మ, అంచు మీద గీతలు అన్నీ ఆ దెబ్బతోనే పడతాయి. టంకశాల తప్పు అంటే ఈ వరసలో ఎక్కడో ఒకచోట జరిగిందై ఉండాలి. రేకు సరిగ్గా జరగక ముందు కోసిన రంధ్రం మీద మళ్ళీ కోస్తే బిళ్ళ అంచు చందమామలా కొరుక్కుపోతుంది. బిళ్ళ కట్టులో సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ పక్కకి పడుతుంది. అచ్చు పగిలితే ఆ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతలా వస్తుంది. ఆ దెబ్బ పడి బిళ్ళ సంచిలోకి వెళ్ళాక జరిగినవన్నీ దెబ్బలే, తప్పులు కావు. మా చిన్నప్పుడు పది పైసల అల్యూమినియం బిళ్ళని రైలు పట్టా మీద పెట్టి అప్పడంలా చేసుకునేవాళ్ళం. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి వేసిన బిళ్ళలు ఏళ్ల తర్వాత పైకొస్తే నల్లబడి, తినేసినట్టు ఉంటాయి. చూడ్డానికి వింతగా ఉంటాయి, అంతే.

రూపాయి బిళ్ళ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. మన దేశంలో నాలుగు టంకశాలలు నాణేలు కొడతాయి. సంవత్సరం కింద వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు. కోల్‌కతా వాళ్ళు ఏ గుర్తూ పెట్టరు. మీ ఆయన గుర్తు చెరిగిపోయింది అనుకున్నది కోల్‌కతా బిళ్ళ. గల్లాలో వెతికితే అలాంటివి ఇంకా చాలా దొరుకుతాయి. నక్షత్రం బిళ్ళలు మన వైపు చాలా కనిపిస్తాయి. 1903లో సైఫాబాదులో మొదలైన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనాన్ని 2022లో మ్యూజియంగా తెరిచారు. మీ ఆయనకి ఈ పిచ్చి ఎలాగూ పట్టింది కాబట్టి చెబుతున్నాను.

2 రూపాయల బిళ్ళ దగ్గర నేనూ ఒకసారి మోసపోయాను. ఒక ప్రదర్శనలో "లాఖీ" అని చెప్పి అమ్మితే 800 పెట్టి కొన్నాను. లాఖీ అంటే మనవాళ్ళు చాలా ఇష్టపడే తప్పు. కొట్టిన బిళ్ళ ఒకటి బయటికి పోకుండా పై అచ్చుకి అతుక్కుపోతుంది. తర్వాత వచ్చే ఉత్త బిళ్ళకి ఆ వైపు అచ్చు తగలదు, అతుక్కున్న బిళ్ళే తగులుతుంది. అందుకని ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి పడుతుంది. గమనించారా, రెండు వైపులా ఒకే బొమ్మ. ఒకవైపు 2 అంకె ఉంటే రెండో వైపు కూడా 2 అంకే, గుంటగా. అక్కడ సింహాలు ఉండటానికి వీల్లేదు. మీ బిళ్ళ మీద సింహాలు ఉన్నాయి, వాటి మీద అక్షరాలు దిగాయి అన్నారు. అంటే సింహాలు పడ్డాక ఎవరో ఇంకో బిళ్ళని దీని మీద పెట్టి బెంచి వైస్‌లో బిగించారు, లేదా సుత్తితో ఒకటి వేశారు. నేను కొన్నది కూడా అలాంటిదే. ఇంటికొచ్చి భూతద్దం పెట్టాక కింద నలిగిన సింహాల చెవులు కనిపించాయి. ఆ 800 సంగతి మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. కాబట్టి అబద్ధాల విషయంలో మీకు సలహా ఇచ్చే అర్హత నాకు ఎంతుందో మీరే చూసుకోండి.

ఇక 10 రూపాయల బిళ్ళ. ఉత్తరంలో నన్ను కుర్చీలో ముందుకి జరిపింది ఇదొక్కటే.

దీని పసుపు రింగు వేరు, మధ్య తెల్ల బిళ్ళ వేరు. రెండిటినీ విడివిడిగా చేసి, యంత్రంలో ఒకదానిలో ఒకటి పెట్టి ఒకేసారి కొడతారు. ఆ దెబ్బకే బొమ్మ పడుతుంది, ఆ దెబ్బకే రెండూ బిగుసుకుంటాయి. అందుకని తెల్ల ముక్క టంకశాలలోనే పక్కకి జరిగి ఉంటే, బొమ్మ దాని మీద తర్వాత పడింది కాబట్టి బొమ్మకి ఏమీ కాకూడదు. మధ్యలో సింహాలు నిటారుగా, రింగు మీద ఒక పక్క భారత్, ఇంకో పక్క ఇండియా వాటి వాటి చోట్లలో ఉండాలి. తెలుపు, పసుపు మీదికి పాకినచోట కూడా అక్షరమో గీతో తెగకుండా ఒక లోహం మీంచి ఇంకో లోహం మీదికి సాగాలి. అలా కాకుండా తెల్ల ముక్కతో పాటు సింహాలు కూడా పక్కకి జరిగినా, ఒరిగినా, ఎవరో ముక్క ఊడదీసి మళ్ళీ దూర్చారన్నమాట. వేలితో నొక్కితే కదిలినా, కలిసే చోట గోరంత సందున్నా, స్క్రూడ్రైవరు గీతలున్నా అంతే.

వాచీలు బాగుచేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం ఉంటుంది, ఐదు నిమిషాలు అడిగి చూడండి. బంగారం కొట్లో తూచమనండి, 7.71 గ్రాములకి కాస్త అటూఇటూగా ఉండాలి. అడ్డంగా కొలిస్తే 27 మిల్లీమీటర్లు. ఇవన్నీ సరిపోయినా దాని ధర వందల్లో మొదలై, తప్పు బాగా కొట్టొచ్చినట్టు ఉంటే కొన్ని వేల దాకా వెళ్తుంది. మీ అప్పు తీరదు. 10 రూపాయల బిళ్ళ మీద బొమ్మ వేరుగా ఉన్నంత మాత్రాన తప్పు అనుకోవద్దని కూడా ఆయనకి చెప్పండి. మనూళ్ళలో చాలా కొట్లలో ఈ బిళ్ళలు చెల్లవని తీసుకోకుండా గొడవ చేసిన రోజుల్లో, 2018 జనవరిలో, రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అప్పటికే 14 రకాల బొమ్మలతో 10 రూపాయల నాణేలున్నాయని, అన్నీ చెల్లుతాయని.

ఆ బిళ్ళ నిజమైందని తేలితే ఏం చేయాలో తొందరపడక్కర్లేదు. ఉంచుకుంటే ఉంచుకోవచ్చు, తిండి పెట్టక్కర్లేదు దానికి. అమ్మాలంటే హైదరాబాదు, విజయవాడ లాంటి చోట్ల నాణేల ప్రదర్శనలు జరిగినప్పుడు తీసుకెళ్ళి కనీసం ఇద్దరికి విడివిడిగా చూపించాలి. మొదటివాడు చెప్పిన ధరకి ఇచ్చేస్తే తక్కువ రావచ్చు. ఆన్‌లైన్‌లో నాలుగు లక్షలు అని పెడితే అది అక్కడే ఏళ్ల తరబడి ఉంటుంది, ఫోన్లు చేసేది మళ్ళీ ఆ ఫీజుల బాపతువాళ్ళే.

సీసాల విషయం. మీరు చేయగలిగింది ఒకటి, ఆయన లేనప్పుడు రెండూ గల్లాలో గుమ్మరించడం. కొట్లో చిల్లర కష్టం ఒక్క రోజులో తీరుతుంది. కానీ ఆ తర్వాత ఆయన దృష్టిలో పోయిన ప్రతి బిళ్ళా నాలుగున్నర లక్షలే, ఇప్పుడు ఒక్కదానికే ఇంత వెతుకుతున్నారు. ఇంకోటి, ఇలాగే వదిలేయడం. అప్పుడు పక్క కొట్టువాడు బాగుపడతాడు. వీటి మధ్య ఒకటుంది, కాస్త నిదానం. నా ఈ జవాబు ఆయనకి చూపించండి. పేజీలా తిప్పడం, రెండు వైపుల బొమ్మలు చూడటం, సంవత్సరం కింద గుర్తు చూడటం, ఈ మూడూ ఆయన చేతే చేయించండి. ఆయనే వేరు చేసి ఆయనే గల్లాలో వేస్తే సీసాలో మిగిలేవి పదో పన్నెండో ఉంటాయి. వాటికి ఒక అగ్గిపెట్టె చాలు. వారానికి ఒక రాత్రి గల్లా చూసుకోనివ్వండి. అప్పులో ఉన్న మనిషి తన చేతుల మీదుగా రోజూ పోయే డబ్బులోనే దారి వెతుక్కున్నారు, అందులో నాకు వెక్కిరించాల్సినంత కనబడలేదు. చూసి చూసి ఆయన కన్ను ఈపాటికి పదునెక్కి ఉంటుంది కూడా. 10 రూపాయల బిళ్ళని పట్టింది ఆ కన్నే కదా.

చీటీ వాయిదా మాత్రం ఈ నెల కట్టేయండి. ఆ ఫోన్ నంబరు బ్లాక్ చేసేది మీరు కాదు, ఆయనే చేయాలి. మీరు చేస్తే ఆయన ఇంకో నంబరు నుంచి మాట్లాడతారు.

తోమడం ఈ రోజే ఆపించండి. చింతపండు పులుపుకి పైపొర పోతుంది, తోమిన మెరుపు చూడగానే సేకరించేవాళ్ళు వెనక్కి ఇచ్చేస్తారు. 10 రూపాయల బిళ్ళని ఇప్పటిదాకా తోమకపోతే, అంచులతో పట్టుకుని, తెల్ల కాగితంలో మడిచి పెట్టండి. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, తూకం రాసి నాకు పంపండి. తోమి ఉంటే ఆ మాట కూడా రాయండి, ఫొటోలో ఎలాగూ తెలిసిపోతుంది.